ఫైలు మీది ఎర్ర రాత

నా చేతిరాత బాగుంటుంది. నా నోటితో నేను చెప్పుకోకూడదు గానీ, ముప్పై ఏళ్ళకు పైగా డాక్టర్ల కోడిగీతల మధ్య బతికిన సిస్టరుకి ఆ మాత్రం గర్వం ఉండకూడదా? ఉండవచ్చు. కానీ ఆ గర్వం ఒకనాడు మా ఓపీ మధ్యలో బోర్లా పడింది. నేను పడేసుకున్నాను. ఆ సంగతే ఇప్పుడు చెబుతున్నాను. తెల్లకోటు వేసుకుని కొత్తగా డ్యూటీలో చేరే పిల్లలు చదివితే పనికొస్తుందని నా ఆశ. చదివి నన్ను చూసి నవ్వుకున్నా ఏమీ అనుకోను. అప్పట్లో ఆసుపత్రి అంతా నవ్వింది, మీరు కొత్తగా నవ్వేదేముంది.

మాది జంషెడ్‌పూర్. శ్రీకాకుళం వైపు నుంచి మా తాత పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కాసిడీహ్‌లో మా ఇల్లు, అక్కడికి ఆటోలో పది నిమిషాల దూరంలో నేను పనిచేసిన ఆసుపత్రి. చివరి ఏళ్ళలో షుగరు ఓపీకి నేనే ఇన్‌ఛార్జిని. నాకు ముందున్న పెద్ద సిస్టరు ప్రతి రోగినీ స్టూలు మీద కూర్చోబెట్టుకుని, ఏ బిళ్ళ ఎప్పుడు వేసుకోవాలో స్ట్రిప్పు చూపించి నోటితో చెప్పేవారు. మాటమాటకీ చివర "మర్చిపోకు నాయనా" అనడం ఆవిడ అలవాటు. ఆవిడ చెప్పడం పూర్తయ్యేసరికి క్యూ సైకిల్ స్టాండు దాకా పాకేది.

ఆవిడ రిటైరై నేను ఆ కుర్చీలోకి రాగానే సంస్కరణ మొదలుపెట్టాను. చార్టులు! గళ్ళు గీసి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని విడదీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో ఎవరి చార్టు వాళ్ళకి రాసి చేతిలో పెట్టడమే. చెప్పడం లేదు, వినడం లేదు. క్యూ సగానికి తగ్గింది. మేట్రన్ అందరి ముందూ మెచ్చుకుంది. నాకు 'చార్టు సిస్టరు' అని పేరు కూడా వచ్చింది. ఆ పేరు వెక్కిరింపని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది.

మా ఓపీలో ఇంకో అలవాటు ఉండేది. అది నేను పెట్టింది కాదు గానీ మానింది కూడా కాదు. చెప్పినట్టు మందులు వాడని రోగి ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో ఇంగ్లీషులో 'నాన్ కంప్లయంట్' అని రాసేవాళ్ళం. అంటే మాట వినని మనిషి అని. డాక్టరుగారు ఫైలు తెరవకముందే కోపం తెచ్చుకుని సిద్ధంగా ఉంటారని ఆ ఏర్పాటు.

ఇక మన మనిషి. బారిడీహ్ నుంచి వచ్చేవాడు. ఒక వర్క్‌షాపులో ఓవర్‌హెడ్ క్రేన్ నడిపే ఆపరేటరు, మన తెలుగువాడే, వయసు యాభైకి దగ్గర. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, చెప్పిన టైముకి పావుగంట ముందే బెంచీ మీద. ఫైలు చెమటకి తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి రెండు చేతులతో పట్టుకుని తెచ్చేవాడు. చూస్తే ఇంత ఒద్దికైన మనిషి లేడనిపిస్తుంది. షుగరు చూస్తే మాత్రం నెలనెలా పైకే. ఆయన నడిపే క్రేన్ కూడా అంత ఎత్తుకి ఎక్కదేమో.

"ఏటి బాబూ ఇది? చార్టు ఇచ్చేను కదేటి? సూసుకుంటన్నావా?"

"కళ్ళజోడు మర్సిపోనాను సిస్టరమ్మా. ఇంటికెల్లి సదువుకుంటాను."

ప్రతి నెలా కళ్ళజోడు మర్చిపోయే మనిషి కనుక, నాకు అనుమానం రావలసింది. రాలేదు. నేను హిందీలో చార్టు రాసిచ్చాను. షుగరు తగ్గలేదు. ఓహో, మనవాడు కదా, ఇంటి భాషలో రాద్దామని తెలుగులో రాసిచ్చాను, ఒత్తులు దీర్ఘాలు మరీ అందంగా దిద్ది. తగ్గలేదు. పట్టుదలతో ఇంగ్లీషులో కూడా రాశాను. మూడు భాషల్లో మూడు చార్టులు పుచ్చుకుని, మూడింటికీ దండం పెట్టి వెళ్ళాడు. నాలుగో నెల రిపోర్టు చూశాక నాకు ఒళ్ళు మండిపోయి ఎర్ర పెన్ను తీశాను. అట్ట మీద ఆ రెండు ముక్కలూ రాసి, కింద గీత కూడా గీశాను. ఆ రాత కూడా బాగానే కుదిరింది.

ఆ తర్వాత ఓ పొద్దున, క్యూలో కాకుండా నేరుగా నా టేబులు దగ్గరికి వచ్చాడు.

"సిస్టరమ్మా, మా కంపెనీలో ఫిట్‌నెస్ బోర్డు ఉన్నాదట. రెండు నెలలే టైము. సుగరు ఇలాగే ఉంటే కేబిన్‌లోంచి దింపెత్తారు. పైన కళ్ళు తిరిగితే కింద మనుసులు పోతారు కదా, ఆల్లది తప్పు కాదు. కానీ ఇరవై రెండేళ్ళు నాను ఆ క్రేన్ మీదే ఉన్నాను. కింద ఎల్పరు పని సెయ్యమంటే నా వల్ల కాదమ్మా."

నాకు జాలేసింది. జాలి వేసినప్పుడు నేను ఇంకా గట్టిగా అరుస్తాను, అది నా గుణం.

"మరి చార్టు సూడవేటి? ఇదిగో, ఇక్కడే నా ఎదురుగా సదువు. పైకి సదువు. కళ్ళజోడు లేకపోతే నాది ఇత్తాను."

టేబులు మీదున్న కాగితం తీసి చేతిలో పెట్టాను. నా కళ్ళజోడు కూడా ఇచ్చాను. ఆయన ఒకసారి కాగితం వైపు, ఒకసారి నా వైపు చూసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఎక్కడా తడుముకోలేదు. "పొద్దున టిఫినయ్యాక తెల్ల స్ట్రిప్పులోది ఒకటి, మర్చిపోకు నాయనా. రాత్రి బోజనం ముందు పచ్చ స్ట్రిప్పులోది సగం, మర్చిపోకు నాయనా..."

నేను తల ఊపుతూ వింటున్నాను. ఇంతలో నా జూనియరు సిస్టరు, ఒడియా అమ్మాయి, పరుగున వచ్చింది. "దీదీ, ఆ గర్భిణి డైట్ చార్టు ఇక్కడే పెట్టారా? ఆవిడ బయట వెయిట్ చేస్తోంది." వెతికితే అది మా క్రేన్ ఆపరేటరు చేతిలో ఉంది. ఆయన దీక్షగా చదువుతున్న కాగితంలో రెండు పూటలా పాలు తాగాలనీ, ఎడమ పక్కకి తిరిగి పడుకోవాలనీ, బరువులు ఎత్తకూడదనీ ఉంది.

ఒడియా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వు తన్నుకొచ్చింది. మరుక్షణం ఆ 'మర్చిపోకు నాయనా' గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. అది నా చార్టులో లేని మాట. పెద్ద సిస్టరుది. రిటైరై వెళ్ళిపోయిన ఆవిడ స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పింది చెప్పినట్టు ఈ మనిషి బుర్రలో ఉంది. అదే వేసుకుంటున్నాడు, ఒక్క పూట తప్పకుండా. కానీ ఆ తర్వాత డాక్టరుగారు మందులు మార్చారు. పచ్చ స్ట్రిప్పు ఆపేసి, తెల్లదాన్ని రాత్రికి మార్చి, పొద్దున పరగడుపున వేసుకునే బిళ్ళ కొత్తగా కలిపారు. ఆ మార్పు ఆయనకి ఎవరూ నోటితో చెప్పలేదు. నేను కాగితం మీద రాసి ఇచ్చాను. మూడు భాషల్లో.

డ్రెస్సింగ్ రూములోకి తీసుకెళ్ళి తలుపు వేశాను.

"బాబూ, నీకు సదవడం రాదా?"

"అచ్చరాలు తెలుసమ్మా. ఒక్కోటీ తెలుసు. పక్కపక్కన పెడితే సాలు, కదిలిపోతాయి. ఒక లైను పట్టుకునేసరికి ఇంకో లైను జారిపోతాది. మెట్రిక్ మూడుసార్లు తప్పేను. ఇంటావిడకి సదువు నేదు. పిల్లలకి తెలిత్తే నా పరువేటవుద్ది? ఎవులికీ సెప్పకండమ్మా. సదవడం రానోడని తెలిత్తే, సుగరు తగ్గినా క్రేన్ ఎక్కనివ్వరు."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. కానీ ఒక్కరికి చెప్పడానికి మాత్రం ఆయన్ని బతిమాలి ఒప్పించాను. మా ఆసుపత్రి పై అంతస్తులో చిన్న గది ఉంది. చదువులో వెనకబడ్డారని స్కూళ్ళు పంపిన పిల్లల్ని అక్కడ ఒక సైకాలజిస్టు అమ్మాయి పరీక్షించేది. సోనారీలో ఉండేది, మన తెలుగుపిల్లే. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే తరం. రంగురంగుల బొమ్మలు అంటించిన ఆ గదిలో, పిల్లలు కూర్చునే బుల్లి కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, మా ఆపరేటరు రెండు పొద్దులు పరీక్షలు రాశాడు. రాశాడంటే, చాలావరకు నోటితో చెప్పాడు.

ఆ అమ్మాయి కిందికి వచ్చి నాకు వివరించింది. తెలివికి లోటు లేదు, కళ్ళకి లోటు లేదు. అక్షరాల్ని మాటలుగా కలుపుకునే పని ఆయన మెదడు వేరేలా చేస్తుంది, పుట్టుకతోనే. దాన్ని డిస్‌లెక్సియా అంటారు. బద్ధకం కాదు, మొండితనం అసలే కాదు.

"అది సిన్నపిల్లలకి వచ్చేది కదేటమ్మా?" అన్నాను.

"బచ్చే బడే హో జాతే హైఁ, ఆంటీ," అంది నవ్వి. తర్వాత నా కోసం తెలుగులోకి దిగింది. "పిల్లలే కదా పెద్దవుతారు. పెద్దయితే అది పోదు. దాచుకోవడం నేర్చుకుంటారు, అంతే. స్కూల్లో అయితే నా దగ్గరకి పంపుతారు. ఆసుపత్రిలో ఎవరు కనిపెడతారు చెప్పండి? మన ఫారంలో ఆ కాలమే లేదు."

ఆయనతో ఈ సంగతి చెప్పినప్పుడు ముందు నమ్మలేదు. "దీనికి పేరున్నాదా?" అని రెండుసార్లు అడిగాడు. "మా మేస్టారు దీనికి దున్నపోతని పేరెట్టేరు" అని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను. సిస్టర్లు రోగుల ముందు ఏడవకూడదు, రూలు.

రెండు నెలల్లో షుగరు దించాలి. స్ట్రిప్పులకి రబ్బరు బ్యాండ్లు వేశాము, పొద్దుటిదానికి ఒకటి, రాత్రిదానికి రెండు. అయినా నాకు ధైర్యం చాలలేదు. అప్పుడు ఆయనే అన్నాడు, "సిస్టరమ్మా, నాకు కింద సిగ్నల్‌మేన్ సెయ్యి సూపిత్తే సాలు. ఎంత గోలలో అయినా తప్పు పోను. మీరు కూడా సేతులతో సెప్పండి."

నేర్పించాడు. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే బరువు ఎత్తమని. అది పొద్దున పరగడుపు బిళ్ళ. వేలు కిందికి దించి తిప్పితే దించమని. అది రాత్రి బిళ్ళ. అరచెయ్యి నేలవైపు పెట్టి అడ్డంగా ఊపితే ఆపమని. అది ఆపేసిన పచ్చ స్ట్రిప్పు. ప్రతి సోమవారం డ్యూటీకి వెళ్తూ ఆసుపత్రి గేటు దగ్గర స్కూటరు ఆపేవాడు. నేను వరండా చివర నిలబడి చేతులు తిప్పేదాన్ని. ఆయన కూడా అవే సైగలు తిరిగి చేసి చూపించి వెళ్ళిపోయేవాడు.

యాభై ఆరేళ్ళ ఇన్‌ఛార్జి సిస్టరు తెల్లచీర కట్టుకుని వరండాలో గాల్లో వేళ్ళు తిప్పుతుంటే జనం చూస్తూ ఊరుకుంటారా? గేటు దగ్గర సెక్యూరిటీ అతను రెండు వారాలు ఓర్చుకుని మూడో వారం "దీదీ, తబియత్ తో ఠీక్ హై?" అని నా ఒంట్లో ఎలా ఉందో అడిగాడు. కేంటీనులో నన్ను అనుకరించి చూపించేవాళ్ళు. మేట్రన్ పిలిచి, సెలవు కావాలంటే పెట్టుకోమంది. మాటిచ్చాను కనుక ఎవరికీ ఏమీ చెప్పలేదు, వ్యాయామం అన్నాను. షుగరు మొదటి నెల కొంచెం దిగింది. రెండో నెలకి, ఎలా ఉండాలో అలా ఉంది. ఆ రిపోర్టు పుచ్చుకుని నేను వరండాలో రెండు చేతులూ తిప్పేశాను. దానికి క్రేన్ భాషలో అర్థమేమీ లేదట.

బోర్డు రోజు వచ్చింది. మా ఆసుపత్రిలోనే జరిపేవారు. లోపల మా పెద్ద డాక్టరుగారు, కంపెనీ తరఫున ఒక సేఫ్టీ ఆఫీసరు. ఓపీ సిస్టరుగా నన్నూ రమ్మన్నారు. బయట బెంచీ మీద మా ఆపరేటరు పక్కన కూర్చున్నాను. ఆయన ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, కవరులో ఫైలు, దాని అట్ట మీద నా ముత్యాల ఎర్రక్షరాలు. షుగరు సంబరంలో నేను ఆ సంగతే మర్చిపోయాను. ఫైలు మీద ఒకసారి రాసింది కొట్టెయ్యకూడదు, అది ఆసుపత్రి నియమం.

"బాబూ, నీకో సంగతి సెప్పాలి. ఆ అట్ట మీద రాసింది నేనే."

"ఈ ఎర్రదేనేటి? నా రగతం గ్రూపు కదమ్మా?"

నా జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. చెప్పాను. ఆ రెండు ముక్కలకీ అర్థం చెప్పాను. ఎప్పుడు రాశానో, ఎందుకు రాశానో చెప్పాను. ఆయన ఫైలు ఎత్తి కాసేపు చూశాడు.

"అంటే నా మీద రాసిన తిట్టుని నానే కవరేసి, తడవకుండా మోసుకుని తిరుగుతన్నానన్నమాట. రగతం తీసినామె సదివింది. మందుల షాపోడు సదివేడు. డాక్టర్ సాబ్ సదివేరు. నాను తప్ప అందరూ."

"తప్పయిపోయింది బాబూ. లోపలికెల్లి నేనే సెప్తాను, నా తప్పని."

ఆయన ఫైలు మళ్ళీ కవరులో పెట్టుకున్నాడు. పేరు పిలిచారు.

పెద్ద డాక్టరుగారు రిపోర్టు చూసి బాగుందన్నారు. తర్వాత ఫైలు మూసి అట్ట చూశారు. హిందీలో అడిగారు, "షుగరు ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఇది చూస్తే, ఆరు నెలల తర్వాత కూడా ఇలాగే ఉంటుందని నేనెలా నమ్మాలి? సిస్టర్, మీరే రాశారుగా?"

నేను నోరు తెరిచాను. మా ఆపరేటరు నా వైపు తిరిగి, అరచెయ్యి నేలవైపు పెట్టి అడ్డంగా ఊపాడు. ఆపమని.

"సాబ్, నాకు చదవడం రాదు," అన్నాడు హిందీలో. "పుట్టుకతో అంతే. దానికి పేరు కూడా ఉంది, పై అంతస్తు మేడమ్ చెప్పారు. సిస్టరు రాసిచ్చినవి చదవలేక తప్పు మందులు వేసుకున్నాను. చేతులతో చెప్పిన దగ్గర్నుంచి ఒక్క పూట తప్పలేదు. నేను మాట వింటాను సాబ్. కాగితమే వినిపించదు."

సేఫ్టీ ఆఫీసరు ముఖం చిట్లించాడు. "చదవడం రాకపోతే రోజూ క్రేన్ చెక్‌లిస్టు మీద టిక్కులు ఎలా పెడుతున్నావ్? ఇన్నేళ్ళూ సంతకాలు పెట్టావు కదా?"

అయిపోయింది, ఏ భయంతో ఇంతకాలం దాచాడో అదే వచ్చి ఎదురుగా కూర్చుంది అనుకున్నాను. ఆయన మాత్రం లేచి నిలబడ్డాడు. ఆ గదిలోనే, లేని క్రేన్ చుట్టూ తిరుగుతూ చూపించాడు. బ్రేకు, లిమిట్ స్విచ్, హుక్కు, హుక్కు గొళ్ళెం, వైరు తాడు ఎక్కడెక్కడ నలుగుతుందో, హారను, లైట్లు... కాగితంలో ఏ వరసలో ఉన్నాయో ఆ వరసలో, ఒక్కోదాన్నీ చేత్తో తడుముతున్నట్టు. సేఫ్టీ ఆఫీసరు జేబులోంచి తన లిస్టు తీసి వేలు పెట్టుకుంటూ సరిచూశాడు. చివరికి చేరాక మా ఆపరేటరు, "మరో రెండున్నాయి సాబ్, లిస్టులో ఉండవు, నేను చూస్తాను" అని అవీ చెప్పాడు. ఆ ఆఫీసరు పెన్ను తీసి వాటిని రాసుకున్నాడు. అప్పుడు నాకు ఊపిరి వచ్చింది.

ఫిట్ అని రాశారు. మూడు నెలలకోసారి షుగరు చూపించాలని ఒక షరతు. కొత్త ఆర్డర్లేవి వచ్చినా షిఫ్టు మొదట్లో అందరికీ పైకి చదివి వినిపించాలని ఇంకో షరతు. అది కంపెనీకి. తర్వాత పెద్ద డాక్టరుగారు నా వైపు తిరిగారు. "సిస్టర్, ఈ ఎర్ర సిరా ఫైళ్ళు మీ ఓపీలో ఇంకెన్ని ఉన్నాయి?"

రోగులు తెచ్చినవి తెచ్చినట్టు అన్నీ వెతికి తీశాము. నేనూ, ఒడియా అమ్మాయీ, పై అంతస్తు అమ్మాయీ ఒక్కొక్కరినే పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టి మాట్లాడాము. వాళ్ళలో అక్షరాలు కదిలిపోయేవాళ్ళు ఇంకా ఉన్నారు, అందరికీ కళ్ళజోళ్ళు మర్చిపోయే జబ్బే. ఒకావిడకి చెవులు వినపడవు. ఒకాయన మాత్రం నిజంగానే మాట వినడు, ఆయన్ని ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఫారంలో ఒక ప్రశ్న చేరింది: మందుల వివరం మీకు రాసిస్తే సుఖమా, నోటితో చెబితే సుఖమా, చేసి చూపిస్తే సుఖమా? అడిగే పద్ధతి కూడా పై అంతస్తు అమ్మాయే మాకు నేర్పింది. 'చదవడం వచ్చా' అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. 'ఏది సుఖం' అంటే చెబుతారు. పిల్లలూ, ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

ఆయన ఫైలు మీద ఎర్ర రాత కింద నీలం సిరాతో రాశాను: 'పై మాట పొరపాటు. అర్థమయ్యేట్టు చెప్పనిది మేము.' సంతకం పెట్టి, ఆయనకి చదివి వినిపించాను. రెండోసారి కూడా వినిపించమన్నాడు. వినిపించాను.

నేను రిటైరయ్యాను. ఇప్పుడు నాకూ బీపీ, ఆ సంగతి మా ఆపరేటరుకీ తెలుసు. రాసిస్తే సుఖమని ఫారంలో టిక్కు పెట్టాను, ఇంకేం పెడతాను, చార్టు సిస్టరుని కదా. అందమైన చార్టు ఫ్రిజ్ మీద అంటించుకున్నాను. రోజుకి నాలుగుసార్లు దాన్ని చదువుతాను. చదివి బిళ్ళ మర్చిపోతాను.

మొన్న చెల్లెలి ఇంటికని బారిడీహ్ వెళ్ళాను. బజారులో కూరగాయలు బేరమాడుతుంటే రోడ్డుకి అవతల స్కూటరు ఆగింది. ఇస్త్రీ చొక్కా, నూనె రాసిన జుట్టు. నన్ను చూసి చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాడు. పొద్దుటి బిళ్ళ వేసుకున్నారా అని.

అబద్ధం ఆడడానికి చెయ్యి లేవలేదు. తల అడ్డంగా ఊపాను.

ఆయన స్కూటరు దిగి, రోడ్డు దాటి వచ్చి, నా చేతిలోని సంచీ అందుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

"ఏటి సిస్టరమ్మా, మీ ఫైలు మీద ఎర్రగా రాయించమంటారేటి?"